ముత్యాలు కళ్లకి కట్టిన తువ్వాలు

సింహాద్రికి గుర్రాలంటే పెద్ద ఇష్టమేం లేదు. ఆ మాట వాళ్ల బావ వీర్రాజు ముందు ఎప్పుడూ అనలేదనుకోండి. సింహాద్రి బొలేరో పికప్‌కి తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌లో ఐసూ, చేపల ట్రేలూ మొయ్యడమే పని. ఐసు తన్నదు, కరవదు, దారిపొడుగునా లద్దె వెయ్యదు. గుర్రాలు ఎక్కించిన రోజున మాత్రం బండి కడిగి కడిగి చేతులు పడిపోయేవి. అయినా బావ ఫోన్ చేసి బండి తెమ్మంటే, ఉన్న బేరం మానుకుని మరీ వెళ్లేవాడు. చెల్లెలి మొగుడు కదా, కాదనడం ఎలాగ?

వీర్రాజుకి ఉన్నవల్లా రెండు గుర్రాలు. ముత్యాలని తెల్ల ఆడగుర్రం, చిన్నోడని ఎర్ర మగగుర్రం. సాయంత్రాలు బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగేవి, ముహూర్తాల రోజుల్లో పెళ్లికొడుకుల్ని ఊరేగించేవి. ఈ ముత్యాలుందే, అది బ్యాండు మేళానికి బెదరదు, టపాకాయలకి బెదరదు, తాగేసి ముందు గెంతులేసే కుర్రాళ్లకి అసలే బెదరదు. దాని భయమల్లా ఒక్కటే, బండెక్కడం. బండి వెనక తలుపు చప్పుడు వింటే చాలు, నాలుగు కాళ్లూ నేలకి పాతేసుకుని నిలబడిపోయేది.

అందుకే కళ్లకి గంత కట్టేవారు. గంత కట్టి, దిక్కు తెలియకుండా ఓసారి గిర్రున తిప్పి, చెక్క మీదుగా లోపలికి నడిపించేవారు. మూతి డ్రైవరు వైపుకి ఉండేలా కట్టేసి, రెండు గుర్రాల మధ్యా వీర్రాజు నిలబడేవాడు. దారంతా పగ్గాలు పట్టుకుని అలా నిలబడే రావాలి, లేకపోతే మలుపులో ఒకదాని మీద ఒకటి పడి కాళ్లు విరగ్గొట్టుకుంటాయి. ముందు కేబిన్ కప్పు మీద ఒక దెబ్బ కొడితే ఆపమని, రెండు కొడితే పోనీమని. ఇన్నేళ్లుగా బావా బావమరుదులకి అదే లెక్క.

ఆ వేళ పోర్టులో మూడో నంబరు తుఫాను హెచ్చరిక ఎగరేశారు. మధ్యాహ్నం భోజనాల వేళకే ఆకాశం మసిగుడ్డలా అయిపోయింది. బోట్లన్నీ ఒడ్డుకొచ్చి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. ఐసు ఫ్యాక్టరీ గోడని ఆనుకుని వీర్రాజు వేసుకున్న రేకుల షెడ్డు ఉంది. దాని మీద రేకులు అప్పుడే లేచి పడుతున్నాయి. గుర్రాల్ని సొంతూరు పద్మనాభంలో సింహాద్రి వాళ్ల పశువుల సాలకి చేర్చేస్తే తుఫాను వెళ్లేదాకా దిగులుండదు.

నిజం చెప్పాలంటే సింహాద్రి దిగులు గుర్రాల గురించి కాదు. చెల్లెలు ధనలక్ష్మి పురిటికి పుట్టింటికొచ్చి పద్మనాభంలోనే ఉంది. ఏడో నెల. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఆ రాత్రి వీర్రాజు ఏదో పెళ్లి ఊరేగింపులో ఉండిపోయాడు. బిడ్డని పాతిపెట్టే వేళకి జరీ తలపాగాతో వచ్చి నిలబడ్డాడు. ధనలక్ష్మి అది మర్చిపోలేదు, ఎవరు మాత్రం మర్చిపోతారు? పొద్దున్నే అన్నకి ఫోన్ చేసింది.

“అన్నయ్యా, గుర్రాల్ని ఒగ్గీసి రమ్మంటే ఆయన రాడు. గుర్రాల్తో పాటు ఆయన్నీ ఎక్కించుకుని వచ్చీ. ఈ బిడ్డకైనా పుట్టీసరికి తండ్రి పక్కనుండాల.”

ఏడవలేదు, మామూలుగానే అంది. అందుకే సింహాద్రికి మరీ బాధనిపించింది. నీ మొగుణ్ని నీ గుమ్మంలో దింపి గానీ మంచినీళ్లు ముట్టనని మాటిచ్చేశాడు.

షెడ్డు దగ్గర చిన్నోడు బుద్ధిగా ఎక్కేశాడు. ముత్యాలు వంతు వచ్చేసరికి గాలి ఒక్క విసురు విసిరింది. వీర్రాజు చేతిలో ఉన్న గంత గుడ్డ, పాత చీర ముక్క, ఎగిరి బోట్ల మధ్య నీళ్లలో పడింది. తడిసి మునిగిపోయింది కూడా. చినుకులు మొదలయ్యాయి. గుర్రం వెనక్కి వెనక్కి జరుగుతోంది. వీర్రాజు అటూ ఇటూ చూసి, షెడ్డు పక్కనున్న కర్ర గుంజ దగ్గరికి నడిచాడు.

ఆ గుంజకి ఒక గళ్ల తువ్వాలు కట్టి ఉంటుంది. అది గంగాలమ్మది. అంటే, గంగాలమ్మ మొగుడు అబ్బులుది. పోయిన సీజనులో వేటకెళ్లి బోటు తిరిగొచ్చింది, అబ్బులు రాలేదు. శవం కూడా దొరకలేదు. గంగాలమ్మ అక్కడే కూర్చుని వలలు బాగుచేసుకుంటూ ఉంటుంది. సాయంత్రమైతే ఆ తువ్వాలు కొస చేత్తో పట్టుకుని ఏదో మాట్లాడుతుంది. చూసేవాళ్లు చూడనట్టు తలతిప్పుకుని పోతారు. ఆ వేళ ఆమె లేదు. పేటలో ఆడవాళ్లనీ పిల్లల్నీ పొద్దున్నే బడి బిల్డింగులోకి తరలించేశారు.

“బావా, దాన్ని ముట్టుకోకు,” అన్నాడు సింహాద్రి.

“గుడ్డకేటైపోద్ది? తుఫానెల్లినాక ఉతికి తెచ్చి కట్టీస్తాను,” అన్నాడు వీర్రాజు.

ఆ ముడి విప్పడానికి గోళ్లు చాలలేదు. పళ్లతో పీకాడు. ఒక ముడి కింద ఇంకో ముడి, దాని కింద మరొకటి. ఇంత ముడేసింది దేనికోయ్ ఈ మనిషి, తువ్వాలు పారిపోద్దనా అని నవ్వాడు కూడా. మనిషి మంచివాడే గానీ తొందరపాటు, ఆలోచన తక్కువ. చివరికి ఊడొచ్చింది. ఉప్పుకి అట్టకట్టి చెక్కలా ఉన్న ఆ తువ్వాలుని దులిపి ముత్యాలు కళ్లకి బిగించి కట్టాడు.

గుర్రం ఉన్నపళంగా ఆగిపోయింది. వణుకు ఆగిపోయింది, తోక ఊపడం ఆగిపోయింది. తిప్పక్కర్లేకపోయింది, పగ్గం లాగక్కర్లేకపోయింది. తనంతట తానే చెక్క మీద అడుగులో అడుగు వేసుకుంటూ పైకెక్కింది. మనిషి మెట్లెక్కినట్టు ఎక్కింది.

“సూసావా, ఇన్నాళ్లూ మనకి మంచి గుడ్డ దొరకనేదు,” అన్నాడు వీర్రాజు.

సింహాద్రి వెనక తలుపు గొళ్లెం బిగించి, ఊడకుండా తాడు కట్టి, డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కప్పు మీద రెండు దెబ్బలు పడ్డాయి. బండి కదిలింది.

హైవే ఎక్కేసరికి సాయంత్రం నాలుగైనా కాలేదు, అన్ని బండ్లూ లైట్లేసుకుని నడుస్తున్నాయి. వాన అడ్డంగా కొడుతోంది. వైపర్లు ఊపిరాడనట్టు తిరుగుతున్నాయి. హనుమంతవాక దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వెనక ఏదో దబ్బున పడిన చప్పుడైంది. బండి ఓ పక్కకి ఒరిగి మళ్లీ సర్దుకుంది. సింహాద్రి అద్దం దించి “బావా...” అని కేకేశాడు. గాలిలో బదులు వినపడలేదు. దిగి చూద్దామని తలుపు మీద చెయ్యి వేశాడు.

కప్పు మీద రెండు దెబ్బలు. పోనీ.

సరేలే, గుర్రం తూలి ఉంటుంది అనుకున్నాడు. వెనకున్న బస్సువాడు హారన్ మోత మోగిస్తున్నాడు. పోనిచ్చాడు.

ఎండాడ దాటాక వాసన మొదలైంది. గుర్రాల వాసన సింహాద్రికి తెలుసు, చేపల వాసన చెప్పనే అక్కర్లేదు. ఇది రెండూ కాదు. బోటు అడుగున చెక్కల సందుల్లో నెలల తరబడి నిలవుండిపోయిన నీళ్లుంటాయే, పైకి తోడినప్పుడు బోట్లు నడిపే పాత సరంగులు కూడా ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుంటారే, ఆ వాసన. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. అయినా కేబిన్ నిండా అదే. మధురవాడ దగ్గర టీ కొట్టు కనిపిస్తే ఆపబోయాడు.

రెండు దెబ్బలు. గట్టిగా.

ఫోన్ చేశాడు. వెనకనుంచి బావ ఫోన్ రింగవడం సన్నగా వినపడుతోంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ అంతే. పగ్గాలు పట్టుకున్న చేతులకి ఫోన్ ఎలా అందుతుందిలే అని తనకి తానే చెప్పుకున్నాడు. చెప్పుకున్నాడు గానీ చెవులు మాత్రం వెనకే ఉన్నాయి. గిట్టల చప్పుడు వినపడటం లేదు. రెండు గుర్రాలు, ఎనిమిది గిట్టలు, ఇనప రేకు మీద ఒక్క టకటక లేదు. బదులుగా నీళ్ల చప్పుడు... బకెట్టులో నీళ్లు ఊగినట్టు, నెమ్మదిగా, ఆ చివర నుంచి ఈ చివరకి... ఈ చివర నుంచి ఆ చివరకి.

తల తిప్పి కేబిన్ వెనక అద్దంలోంచి చూశాడు.

ముత్యాలు మొహం అద్దానికి ఆనించి ఉంది. తువ్వాలు కట్టిన మొహం. ముక్కు పుటాల దగ్గర అద్దం ఆవిరి పట్టాలి కదా, వెచ్చటి ఊపిరికి? పట్టలేదు. తువ్వాల్లోంచి నీళ్లు ధారగా కారి అద్దం మీద జారుతున్నాయి. సింహాద్రి సీట్లో కొంచెం ఎడమకి జరిగాడు. గుర్రం తల కొంచెం ఎడమకి జరిగింది. కుడికి వంగాడు. అదీ కుడికి వంగింది.

మరింక వెనక్కి చూడలేదు. మీరైనా నేనైనా చూడం. స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడే గానీ ఒళ్లంతా చెమట. నోట్లో అప్పన్న దేవుడి పేరు తప్ప మరో మాట లేదు. ఇంటికి చేరితే చాలు, చెల్లెలి గుమ్మంలో బావని దింపేస్తే చాలు, ఈ బండి అమ్మేసి ఆటోనగర్‌లో కూలికైనా పోతాను అనుకున్నాడు.

ఆనందపురం జంక్షన్‌లో పద్మనాభం రోడ్డుకి తిరిగాడు. దీపాలు అక్కడితో అయిపోయాయి. రెండు పక్కలా వరి మళ్లు, నీళ్లు నిండి రోడ్డుతో సమానమైపోయాయి. అప్పుడు వినపడింది. కప్పు మీద దెబ్బలు కాదు. వెనక అద్దం అవతల నుంచి, పీలగా, మనిషి గొంతు.

“ఆపు బావా... ఎన్నిసార్లు ఆపమన్నాను...”

బ్రేకు మీద నిలబడ్డాడు. బండి జారి అడ్డం తిరిగి, ముందు చక్రం గట్టు మీదికెక్కి ఆగింది. ఆగీ ఆగగానే కప్పు మీద రెండు దెబ్బలు పడ్డాయి. మళ్లీ రెండు. మళ్లీ రెండు. రేకు సొట్టపడి లోపలికి దిగింది. పోనీ. పోనీ. పోనీ.

సీటు కింద నుంచి జాకీ రాడ్డు తీశాడు. ఫోన్ లైటు వెలిగించి నోట్లో కరిచిపట్టుకున్నాడు. బండి దిగాడు. లోపలున్నది వాడి బావ. పద్మనాభంలో గుమ్మం పట్టుకుని చూస్తున్నది వాడి చెల్లెలు. అంతకుమించి ఆలోచించలేదు. తాడు కోసి, గొళ్లెం తీసి, తలుపు లాగాడు.

నీళ్లు మొదట వచ్చాయి. మోకాళ్ల దాకా కొట్టాయి. వాన నీళ్లు కాదు, పెదవికి తగిలితే ఉప్పగా ఉన్నాయి. ఆ నీళ్లతో పాటు నెత్తురు.

చిన్నోడు అడ్డంగా పడి ఉన్నాడు. మెడ వెనక్కి విరిగిపోయింది. గొంతు దగ్గర మాంసం లేదు. గుర్రం గడ్డి తినే జీవి, దాని పళ్లు గడ్డి కోసం పెట్టినవి. ఆ పళ్లతోనే ముత్యాలు కొరికి కొరికి తీసేసింది. చిన్నోడి కళేబరం కింద, నడుం దాకా నలిగిపోయి, వీర్రాజు. రెండు చేతులూ గుర్రం ఒంటి కిందే ఇరుక్కుపోయి ఉన్నాయి.

“హనుమంతవాక కాడే పడిపోయాను,” అన్నాడు వీర్రాజు. మాట మాటకీ నోట్లోంచి నెత్తురు బుడగలొస్తున్నాయి. “ఆపమని అరిసాను... ఒక్కటే దెబ్బ కొట్టాలని... సెయ్యి రాలేదు బావా...”

మరి ఆ రెండు దెబ్బలు ఎవరు కొట్టారని సింహాద్రి అడగలేదు. ముత్యాలు ఆ చివర, కేబిన్‌ని ఆనుకుని నిలబడి ఉంది. తెల్ల గుర్రం ఛాతీ దాకా ఎర్రగా ఉంది. ముందు కాలు ఒకటి పైకెత్తి, కేబిన్ కప్పు మీద ఆనించి ఉంచింది. తలమాత్రం ఇటు తిప్పి చూస్తోంది. కళ్లకి గంత ఉన్న గుర్రం చూడటమేమిటంటారా? చూస్తోంది. సింహాద్రి ఎటు కదిలితే అటు.

“ముడి...” అన్నాడు వీర్రాజు. “ముడి ఇప్పు... నాను ఏసిన ముడి కాదది...”

నిజమే. వీర్రాజు ఒక్క ముడే వేశాడు, సింహాద్రి కళ్లారా చూశాడు. ఇప్పుడు గుర్రం చెవి వెనక ముడి మీద ముడి, పిడికిలంత లావున ఉంది.

సింహాద్రి బావ భుజాలు పట్టుకుని లాగాడు. ఎముకలు లోపల కటకటమన్నాయి. వీర్రాజు అరిచిన అరుపుకి మళ్లలో కప్పలు కూడా నోరు మూశాయి. ఆ అరుపులోనే ముత్యాలు కదిలింది. చచ్చిన గుర్రాన్ని తొక్కుకుంటూ వచ్చేసింది. సింహాద్రి ఎడం భుజం దాని పళ్ల మధ్య పడింది. చొక్కాతో పాటు చర్మం, చర్మంతో పాటు కండ. ఎత్తి విసిరితే బండి గోడకి కొట్టుకున్నాడు. నోట్లోంచి ఫోన్ జారి నీళ్లలో పడింది. లైటు కింద నుంచి వెలుగుతోంది. అంతా ఎర్రటి వెలుతురు.

కొట్టాడు.

రాడ్డు మొదటి దెబ్బ మూతికి తగిలింది. పళ్లు రాలిన చప్పుడు. అది ఆగలేదు. రెండో దెబ్బ మోకాలికి. కాలు కర్రపుల్లలా విరిగింది. విరిగిన కాలు మీదే నిలబడింది. అరవలేదు, సకిలించలేదు. గిట్ట విసిరితే సింహాద్రి కుడి చెయ్యి గోడకీ గిట్టకీ మధ్య పడి వేళ్లు చితికిపోయాయి. రాడ్డు ఎడం చేతికి మార్చుకున్నాడు. కోపమొచ్చేసింది వాడికి. భయం ముదిరిపోతే మనిషికి కోపమే మిగులుతుంది. కొట్టాడు, కొట్టాడు, బూతులు తిడుతూ కొట్టాడు, ఏడుస్తూ కొట్టాడు. నుదుటి ఎముక లోపలికి దిగిపోయేదాకా కొట్టాడు. గుర్రం ముందు కాళ్ల మీద కూలబడింది. అప్పుడు కూడా తల మాత్రం పైకెత్తే ఉంచింది.

ఐసు పెట్టెల తాళ్లు కోసే కత్తి నడుముకుంది. వేళ్లు చితికిన చేత్తోనే దాన్ని తీసి, ముడి కిందకి దోపి, ఒక్క కోత కోశాడు. తువ్వాలు ఊడింది.

కింద ముత్యాలు కళ్లున్నాయి. మామూలు కళ్లు. పెద్దవి, నల్లవి, బెదిరిపోయినవి. ఎక్కడున్నదో, తనకేమైందో తెలియనట్టు అటూ ఇటూ చూసి, సింహాద్రిని గుర్తుపట్టింది. బెల్లం ముక్క కోసం ఎలా గురగురమనేదో అలాగే గురగురమంది. పగిలిన మూతిని వాడి మోకాలికి ఆనించి చచ్చిపోయింది.

సింహాద్రి గుర్రాలంటే ఇష్టం లేనివాడని చెప్పాను కదా. ఆ నీళ్లలో కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఏడుపు మధ్యలో బావ గుర్తొచ్చాడు. తిరిగి చూస్తే వీర్రాజు కళ్లు తేలేసి ఉన్నాయి. నోరు తెరిచి ఉంది. ఛాతీ కదలడం లేదు. కోసిన తువ్వాలు గాలికి కొట్టుకొచ్చి వాడి మొహం మీద పడి ఉంది, ముక్కూ నోరూ మూసేసి. సింహాద్రి పాకుతూ వెళ్లి దాన్ని పీకేశాడు. ఛాతీ మీద చెవి పెట్టాడు. ఏమీ లేదు. “బావా... సెల్లికేటి సెప్పాల్రా బావా... లెగరా...” అంటూ చెంపల మీద కొట్టాడు.

అప్పుడు వీర్రాజు ఊపిరి పీల్చాడు. నీళ్ల అడుగు నుంచి పైకి తేలిన మనిషి పీల్చినట్టు, ఇంతసేపూ దానికోసమే కాచుకున్నట్టు, పొడుగ్గా... చాలా పొడుగ్గా.

ఆ క్షణంలో సింహాద్రి కన్నా సంతోషించిన మనిషి ఈ భూమ్మీద లేడు.

ఎలా లాగాడో, ఎలా ముందు సీట్లో పడేశాడో, చితికిన చేత్తో గేరు ఎలా మార్చాడో అడిగితే వాడే చెప్పలేడు. హైవే పక్కనున్న ఆసుపత్రిలో చేర్చాడు. పక్కటెముకలు, తుంటి, లోపల నెత్తురు... డాక్టరు చెప్పినవన్నీ వింటే బతికే మనిషి కాదు. తెల్లారేసరికి బతికాడు. రెండో రోజుకి కళ్లు తెరిచాడు. ఇలా కోలుకునేవాళ్లని చూడలేదన్నాడు డాక్టరు. ధనలక్ష్మి ఆ మాట విని అన్న కాళ్ల మీద పడబోయింది. తుఫాను ఒరిస్సా వైపు వెళ్లిపోయాక సింహాద్రి ఆ తువ్వాలు ఉతికి, హార్బర్‌కి పోయి, అదే గుంజకి కట్టేసి, చెంపలేసుకుని వచ్చాడు.

నెల తిరక్కుండా వీర్రాజు పద్మనాభం వచ్చేశాడు. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. గుర్రాల ఊసెత్తలేదు. అంత ప్రాణంగా పెంచినవాడు ఒక్కసారైనా ఏడుస్తాడనుకున్నాడు సింహాద్రి. దెబ్బ తిన్న మనిషి, లోపలే దాచుకున్నాడేమో అని సరిపెట్టుకున్నాడు. ధనలక్ష్మి మొహంలో మాత్రం ఎన్నేళ్లకో వెలుగొచ్చింది. మొగుడు పూటపూటా పక్కనే కూర్చుంటున్నాడు, గుమ్మం దాటడం లేదు. ఆ వెలుగు చూసినప్పుడల్లా సింహాద్రి తన వంకర వేళ్ల సంగతి మర్చిపోయేవాడు.

ఒక రోజు పొద్దెక్కాక గంగాలమ్మ వచ్చింది. ఎవరూ కబురు పెట్టలేదు. బస్సు దిగి, ఇల్లెక్కడో అడుగుతూ వచ్చి, వీధి గుమ్మంలో నిలబడింది. అరుగు మీద కూర్చున్న వీర్రాజు ఆమెని చూసి, అక్కని పిలిచినట్టు మర్యాదగా రా అప్పా, కూకో అన్నాడు. ఆమె కూర్చోలేదు. వాడి మొహంలోకి కళ్లార్పకుండా చాలాసేపు చూసింది. వాడు నవ్వాడు. ఆమె వెనక్కి తిరిగి, పెరట్లో బండి కడుగుతున్న సింహాద్రి దగ్గరికి నడిచింది.

ఈమె మొగుడు గానీ తన బావ ఒంట్లో కూర్చున్నాడా అన్న అనుమానం సింహాద్రికి అప్పటికే ఉంది. ఎవరితోనూ అనలేదు. తప్పయిపోయింది అప్పా, తువ్వాలు తిరిగి కట్టేశాను అని చేతులు జోడించాడు.

“కట్టీసావు తమ్ముడూ. ఇప్పుడది ఒట్టి గుడ్డ,” అంది గంగాలమ్మ.

“మా బావలో... అబ్బులు బావ గానీ ఉన్నాడేటి అప్పా?”

గంగాలమ్మ తల అడ్డంగా ఊపింది.

“మావోడు కాడు. మావోడు సముద్రంలోనే ఉండిపోయాడు.” గొంతు బాగా తగ్గించింది. “ఆ తువ్వాలు పట్టుకుని రోజూ మాటాడీదాన్ని. కొన్నాళ్లకి బదులొచ్చింది. మావోడే అని మురిసిపోనాను. ఓపాలి అనుమానమొచ్చి, మా ఇద్దరికే తెలిసిన మాట ఒకటి అడిగినాను. దానికి తెల్దు. ‘నీకెవుడు కావాలంటే ఆడిగా వస్తాను, ముడి ఇప్పు’ అన్నాది. అప్పట్నుంచి రోజుకో ముడేసి కాపలా కాసీదాన్ని.”

నీళ్ల పైపు సింహాద్రి చేతిలోంచి జారిపోయింది.

“మరి... ఇంట్లో ఉన్నది ఎవురప్పా?”

“నాకేటి తెలుసు? నీకూ ఆడికీ తెలిసిన మాట ఏదైనా ఉంటే, అడిగి సూడు,” అని గంగాలమ్మ చెంగు తల మీదికి లాక్కుని బస్సు కోసం వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ ఇంటి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

అలాంటి మాట ఒకటుంది. మొదటి బిడ్డని పాతిన చోట వీర్రాజు తలపాగా తీసేసి, సింహాద్రి చెవిలో ఒక మాట అన్నాడు. అది వాళ్లిద్దరికే తెలుసు. సింహాద్రి కాళ్లు కడుక్కుని అరుగు దాకా వచ్చాడు. వీర్రాజు కళ్లు మూసుకుని ఎండలో కూర్చుని ఉన్నాడు. అడగాలి. ఒక్క మాట. అడిగితే తేలిపోతుంది. తేలాక? లోపలికి పోయి చెల్లెలికి ఏం చెప్పాలి? ఎనిమిదో నెల కడుపుతో ఉన్నదానికి, నీ మొగుణ్ని తెస్తానని మాటిచ్చి నేను తెచ్చింది ఇదీ అని ఏ నోటితో చెప్పాలి? అడగలేదు.

వంటింట్లో ధనలక్ష్మి బెండకాయలు తరుగుతోంది. అన్న మొహం చూసి, నిద్ర సరిపోలేదేమిటని అడిగింది. బావ ఎలా ఉంటున్నాడమ్మా, రాత్రిళ్లు బాగా పడుకుంటున్నాడా అన్నాడు సింహాద్రి.

“పడుకోడన్నయ్యా,” అని సిగ్గుపడుతూ నవ్వింది ధనలక్ష్మి. “తెల్లార్లూ నా కడుపుకి చెవి ఆనించి గుసగుసలాడతన్నాడు. ఏటి మాటాడతన్నావంటే, ‘లోపల ఇంకొకరికి సోటుందేటని అడుగుతన్నాను, నువ్వు పడుకో’ అంటాడు.”